సేల్స్ సీవీలో అంకెలు ఎక్కడండీ?

ప్రశ్న: బీకాం చదివాను. ఖమ్మంలో ఒక మొబైల్ షాపులో రెండేళ్లుగా సేల్స్ చేస్తున్నాను. ఎఫ్ఎంసీజీ (సబ్బులు, బిస్కెట్ల లాంటి రోజువారీ సరుకుల) కంపెనీల్లో సేల్స్ ఆఫీసర్ పోస్టులకి సీవీ పంపుతుంటే ఒక్క ఫోనూ రావట్లేదు. ఏం మార్చాలి సార్?

జవాబు: మీ సీవీ చూశాను. సగం పేజీ కెరీర్ ఆబ్జెక్టివ్, 'హార్డ్ వర్కింగ్', 'టీమ్ ప్లేయర్' లాంటి మాటలకే పోయింది, రెండేళ్ల షాపు అనుభవం మాత్రం 'కస్టమర్లకు ఫోన్లు అమ్మడం' అని ఒక్క లైనులో తేల్చేశారు. తిరగేయండి దాన్ని. సేల్స్ మేనేజర్ కళ్లు ముందు అంకెల కోసమే వెతుకుతాయి: నెల టార్గెట్ ఎంత, మీరు చేసింది ఎంత, ఎన్ని ఫోన్లు ఈఎంఐ మీద పోయాయి, ఫోన్ కొన్నవాళ్లలో ఎంతమందికి పౌచ్, టెంపర్డ్ గ్లాస్ కూడా అంటగట్టారు (ఆ మాటకేమీ అనుకోకండి, అది చేతనైనవాళ్లకే ఈ ఫీల్డ్‌లో గిరాకీ). 'నెలకు 40 ఫోన్ల టార్గెట్, సగటున 46 అమ్మాను' అన్నట్టు రాయండి. ఇవి ఉదాహరణకి చెప్పినవే, మీ లెక్క మీరు వేసుకోవాలి. గుర్తు లేకపోతే ఓనర్‌ని అడిగి మీ బిల్లులు తీయించుకోండి, ఇన్సెంటివ్ మెసేజ్‌లు వాట్సాప్‌లో వెతకండి. పెంచి మాత్రం రాయొద్దు, ఇంటర్వ్యూలో 'ఏ నెలలో ఎక్కువ అమ్మావు, ఎందుకు' అని రెండు ప్రశ్నలు వేస్తే బయటపడిపోతుంది.

ఇంకో చిక్కుంది. షాపులో కస్టమరే మీ దగ్గరికొస్తాడు, ఎఫ్ఎంసీజీలో మీరే బీట్ (ఏ రోజు ఏ షాపులకి వెళ్లాలో ముందే వేసిన రూటు) ప్రకారం కిరాణా షాపులు తిరిగి, ఆర్డర్ తీసుకుని, పాత బాకీ కూడా కదిలించాలి. 'ఈ అబ్బాయి ఎండలో తిరుగుతాడా' అన్న అనుమానం వాళ్లకి తప్పకుండా వస్తుంది. అందుకే బైకు, లైసెన్సు ఉన్నాయనీ, వైరా, మధిర, సత్తుపల్లి రూట్లు తెలుసనీ, హిందీ వచ్చనీ పైనే పెట్టండి, అవి నిజమైతేనే సుమా. చిన్న షాపులకి యాక్సెసరీస్ హోల్‌సేల్‌గా వేసి, డబ్బులు వసూలు చేసిన అనుభవం ఉంటే అది మీ సీవీలో అన్నిటికంటే విలువైన లైను.

తండ్రి పేరు, మతం, ఆధార్ నంబరు, చివర్లో ఆ డిక్లరేషన్ తీసేయండి, ఒక్క పేజీ చాలు. ఇక అంతా ఆన్‌లైన్‌లోనే పంపకుండా ప్రింటు తీసుకుని మీ ఊళ్లో డిస్ట్రిబ్యూటర్ల దగ్గరికి పొద్దున్నే వెళ్లండి. చాలా కంపెనీల సేల్స్ ఆఫీసర్లు బీటుకి బయల్దేరే ముందు అక్కడికే వస్తారు, ఎక్కడ ఖాళీ ఉందో ముందు తెలిసేది వాళ్లకే.