సేవ్ చేసిన పేజీల గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ గొంతు విని కంగారు పడ్డాను. ముందు ఆ టెన్షన్ వదిలెయ్. ల్యాప్‌టాప్‌లో చోటు చాలడం లేదని, సేవ్ చేసిన వెబ్ పేజీల పక్కన కనబడే ఫోల్డర్లు తీసేశావు, వాటితోపాటు నీ పీహెచ్‌డీకి దాచుకున్న కథల పేజీలు కూడా పోయాయి. అంతే కదా? అది వైరస్ పనేం కాదు, విండోస్ మామూలుగా చేసేదే. రీసైకిల్ బిన్ తెరిచి చూడు, పేజీలూ ఫోల్డర్లూ రెండూ ఉంటాయి. అన్నీ ఎంచుకుని రీస్టోర్ చెయ్. పెన్‌డ్రైవ్‌లోంచి తీసేసినవి మాత్రం బిన్‌లోకి రావు. వాటికోసం మళ్లీ సైటుకు వెళ్లాల్సిందే.

కంట్రోల్, ఎస్ నొక్కి 'వెబ్‌పేజ్, కంప్లీట్' అని సేవ్ చేస్తే రెండు వస్తాయి. ఒకటి హెచ్‌టీఎంఎల్ ఫైలు, అంటే బ్రౌజర్లో తెరుచుకునే అసలు పేజీ. రెండోది అదే పేరుకు చివర అండర్‌స్కోర్, 'ఫైల్స్' అని తగిలించిన ఫోల్డరు. ఫైల్లో ఉండేది అక్షరాలే. బొమ్మలు, పేజీ రూపం, స్క్రిప్టులు (పేజీని నడిపించే చిన్న ప్రోగ్రాములు) అన్నీ ఫోల్డర్లో ఉంటాయి. ఫలానా బొమ్మ ఫలానా ఫోల్డర్లో ఉంది అని ఫైల్లో రాసి ఉంటుంది. విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఈ రెండింటినీ జంటగా చూస్తుంది, కాబట్టి ఒకదాన్ని జరిపితే రెండోది కూడా వెళ్తుంది, ఒకదాన్ని తీసేస్తే రెండోదీ పోతుంది. ఈ ముడి విప్పడానికి రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, ఒక సెట్టింగ్ ఉంది. నువ్వు దాని జోలికి వెళ్లకు. ఆ ముడి వల్ల నీకు నష్టం కంటే మేలే ఎక్కువ.

అయితే ఆ ముడి ఎక్స్‌ప్లోరర్ దాటితే పనిచేయదు. మీ యూనివర్సిటీ ల్యాబులో విండోస్ కాదు, ఉబుంటు అనే లినక్స్ అన్నావు కదా, అక్కడ పేజీని జరిపితే ఫోల్డరు ఉన్నచోటే ఉండిపోతుంది. వాట్సాప్‌లోనో మెయిల్లోనో హెచ్‌టీఎంఎల్ ఒక్కటే పంపితే అవతలివాళ్లకు బొమ్మల్లేని పేజీ వెళ్తుంది. ఎవరికి పంపాలన్నా రెండింటినీ కలిపి జిప్ చేసి, అంటే ఒకే ఫైలుగా మూటగట్టి పంపు. పెన్‌డ్రైవ్‌కు ఎక్కించేటప్పుడు కూడా జిప్పే మంచిది. ఆ ఫోల్డర్లలో వందల కొద్దీ చిన్నచిన్న ఫైళ్లు ఉంటాయి, విడివిడిగా కాపీ చేస్తే చాలాసేపు పడుతుంది.

పేరు మార్చే విషయంలో చాలామంది తడబడతారు. ఫోల్డరు పేరు మారిస్తే బొమ్మలు కనబడవు, ఎందుకంటే ఫైల్లో ఇంకా పాత పేరే రాసి ఉంటుంది. ఫైలు పేరు ఒక్కటే మారిస్తే పేజీ బాగానే తెరుచుకుంటుంది కానీ జంట తెగిపోతుంది. తర్వాత ఎప్పుడో ఆ ఫైలును వేరేచోటికి జరిపినప్పుడు ఫోల్డరు వెనకే ఉండిపోతుంది. పేరు మార్చి తీరాలంటే ఆ పేజీని బ్రౌజర్లో తెరిచి, కొత్త పేరుతో మళ్లీ సేవ్ చెయ్. సరైన జంట కొత్తగా తయారవుతుంది. అది బాగుందని చూసుకున్నాకే పాతది తీసెయ్.

అసలు మొదటే చిన్న పేరు పెడితే ఈ బాధ ఉండదు. బ్రౌజరు పేజీ శీర్షిక మొత్తాన్నీ ఫైలు పేరుగా పెట్టేస్తుంది, మన పత్రికల శీర్షికలేమో బారెడు ఉంటాయి. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. 'శ్రీ' చూడడానికి ఒక్క అక్షరమే, లోపల మాత్రం శ, పొల్లు, ర, దీర్ఘం కలిసి పన్నెండు బైట్లు. అంటే పేరు మొత్తంలో 85 గుర్తులకు మించి పట్టవు. విండోస్‌లో మామూలుగా డ్రైవు నుంచి ఫైలు పేరు దాకా దారి మొత్తం 260 అక్షరాల లోపే ఉండాలి. ఫోల్డర్లో ఫోల్డరు పెట్టుకుంటూ పోతే ఒకరోజు కాపీ కానని మొరాయిస్తుంది. ముందు తేదీ, తర్వాత పత్రిక పేరు, తర్వాత కథ పేరు, ఇంతే పెట్టు. తేదీలో సంవత్సరం ముందు, నెల, రోజు తర్వాత రాస్తే అన్నీ వాటంతట అవే వరసలో ఉంటాయి.

ఇక ఏ రూపంలో దాచాలన్న నీ ప్రశ్న. క్రోమ్‌లో, ఎడ్జ్‌లో 'సింగిల్ ఫైల్' అని ఉంటుంది, దాన్ని ఎంహెచ్‌టీఎంఎల్ అంటారు. ఫోల్డరు గొడవ లేకుండా అంతా ఒక్క ఫైల్లో ఉంటుంది. కానీ ఫైర్‌ఫాక్స్ దాన్ని తెరవలేదు. ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలుగు తెలుగులా కనబడదు, అన్నీ సమానం గుర్తులూ, ఇంగ్లిష్ అక్షరాలూ, అంకెలే. వందల కథల్లో ఒక మాట కోసం వెతికే నీకు అది పనికిరాదు. నేనైతే సింగిల్‌ఫైల్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజరుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) వాడమంటాను. పేరు ఒకేలా ఉన్నా ఇది పైదాని కంటే వేరు. అది బొమ్మలతో సహా అంతటినీ ఒక్క హెచ్‌టీఎంఎల్‌లోనే పెడుతుంది. బొమ్మల బరువు మూడో వంతు పెరుగుతుంది కానీ తెలుగు తెలుగుగానే ఉంటుంది, ఏ బ్రౌజర్లోనైనా తెరుచుకుంటుంది. పీడీఎఫ్ మీ గైడుకు చూపించడానికి బాగుంటుంది. మన లిపి కాబట్టి అందులోంచి కాపీ చేస్తే అక్షరాలు చెదిరిపోతుంటాయి, ఉటంకింపుల కోసం దాన్ని నమ్ముకోకు.

సేవ్ చేసేముందు పేజీని చివరిదాకా కిందికి జరుపు. ఇప్పటి సైట్లలో బొమ్మలు కంటికి ఎదురుపడ్డాకే లోడవుతాయి. సేవ్ చేశాక వైఫై ఆపి ఒకసారి తెరిచి చూడు. కనబడినంతే నీ దగ్గర ఉన్నట్టు. ఈ ఒక్క అలవాటు చేసుకో తల్లీ, సిద్ధాంత గ్రంథం రాసేటప్పుడు ఏడవాల్సిన పని ఉండదు.

ఇంకోటి. ఎక్కడ దొరికిందో చెప్పలేని కథ నీ థీసిస్‌కు పనికిరాదు. క్రోమ్‌లో సేవ్ చేసిన పేజీని నోట్‌ప్యాడ్‌లో తెరువు. మొదట్లోనే 'సేవ్డ్ ఫ్రమ్ యూఆర్ఎల్' అని, బ్రాకెట్లో ఒక అంకె, పక్కనే అసలు చిరునామా ఉంటాయి. ఆ అంకె చిరునామాలో ఎన్ని అక్షరాలున్నాయో చెబుతుంది. తేదీ మాత్రం అందులో ఉండదు, అందుకే ఫైలు పేరులో పెట్టమన్నాను. చిరునామాలు, తేదీలు ఒక ఎక్సెల్ షీట్లో కూడా ఎక్కించుకో. ముఖ్యమైన పేజీలను వేబ్యాక్ మెషీన్‌లో, అంటే వెబ్ పేజీల పాత ప్రతులను భద్రపరిచే సైటులో కూడా దాయించు. ఆ ఒక్కదాని మీదే భారం వెయ్యకు, 2024 అక్టోబరులో దాడి జరిగి కొన్నాళ్లు అదీ తెరుచుకోలేదు. 2009లో యాహూ, జనం సొంత పేజీలు పెట్టుకునే జియోసిటీస్ అనే సైటును మూసేసినప్పుడు ఎంతమంది సొంత పేజీలు పోయాయో మా తరానికి తెలుసు.

మీ నాన్న పాత సీడీల్లో పేజీలు తెరిస్తే పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తున్నాయన్నావు. అవి పాడవలేదు, పారెయ్యకు. అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ అనే అక్షరాల పద్ధతి వాడుకలోకి రాకముందు పత్రికలు ఎవరి ఫాంటు వాళ్లు వాడేవి. నోట్‌ప్యాడ్‌లో ఆ పేజీ తెరిచి 'ఫాంట్ ఫేస్' అన్నచోట ఏ పేరుందో చూసి నాకు రాయి. ఆ ఫాంటు దొరికితే చదవొచ్చు, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లూ ఉన్నాయి.

బ్యాంకు పేజీలు, ఫెలోషిప్ పేజీలు మాత్రం వీటితో కలపకు. సేవ్ చేసిన పేజీలో నీ ఖాతా నంబరుతో సహా అన్నీ ఉంటాయి. జిప్ చేసి స్నేహితులకు పంపే ఫోల్డర్లో అవి ఉండకూడదు.

తెరిస్తే తెల్లగా వస్తోందన్న ఆ ఒక్క పేజీ స్క్రిప్టుల వల్ల అలా అయి ఉంటుంది. ఫోల్డరుతో సహా జిప్ చేసి నాకు మెయిల్ చెయ్, ఆదివారం కూర్చుని చూస్తాను.

మీ అత్తయ్య