ముందు పళ్ల మధ్య సందును ఏ చికిత్సతో మూయించుకోవచ్చు?

పై వరుసలోని ముందు పళ్ల మధ్య సందుకు ఏ చికిత్స తగినదన్నది, ఆ సందు ఎందుకు ఏర్పడిందన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది. పిల్లల విషయంలో తొందరపడవద్దు; 11, 12 ఏళ్లకు కోరపళ్లు వచ్చేసరికి చాలామందికి అది దానంతట అదే మూసుకుపోతుంది.

పెద్దల్లో పళ్లు వరుసగానే ఉండి సందు ఒకటి, రెండు మిల్లీమీటర్లకు మించకపోతే, పంటి రంగులో ఉండే కాంపోజిట్ అనే పూత పదార్థాన్ని ఇరుపక్కల పళ్లకు అతికించి చాలావరకు ఒకే సిట్టింగ్‌లో మూయవచ్చు. పంటిని దాదాపుగా అరగదీయనక్కరలేదు కనుక ముందుగా దీన్నే పరిశీలించడం మేలని నా అభిప్రాయం. అయితే కొన్నేళ్లకు రంగు మారినా, అంచు విరిగినా మళ్లీ సరిచేయించుకోవాలి. పంటి ముందువైపు అతికించే పలుచని పింగాణీ పలకలు, అంటే వెనీర్లు, ఎక్కువకాలం మన్నుతాయి గాని, వాటికోసం సాధారణంగా పంటి పైనుండే గట్టి పొర ఎనామిల్‌ను కొంత తీయవలసి ఉంటుంది, తీసిన ఎనామిల్ తిరిగి పెరగదు.

సందు పెద్దదైనా, పళ్లు ముందుకు వచ్చినా పళ్లకు అతికించే తీగల బ్రేసులతో గాని, పళ్లపై తొడుక్కునే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులైన క్లియర్ అలైనర్లతో గాని పళ్లనే జరపడం సరైన మార్గం. పై పెదవిని చిగురుకు కలిపే కండపొర దళసరిగా ఉంటే, సాధారణంగా పళ్లు దగ్గరకు చేరిన తర్వాత, చిన్న శస్త్రచికిత్సతో దాన్ని తొలగిస్తారు. మూసిన సందు మళ్లీ తెరుచుకునే అవకాశం ఎక్కువ కాబట్టి పళ్ల వెనుక సన్నని తీగను రిటైనర్‌గా, అంటే పళ్లను కదలకుండా పట్టి ఉంచేదిగా, ఏళ్ల తరబడి ఉంచుకోవలసి రావచ్చు.

ఇదివరకు లేని సందు నడివయసులో కొత్తగా కనిపిస్తే అది చిగుళ్ల వ్యాధికి సూచన కావచ్చు. ముందు దానికే చికిత్స జరగాలి. ఇంట్లో పళ్లకు రబ్బరు బ్యాండు చుట్టే ప్రయత్నం మాత్రం ఎంతమాత్రం చేయవద్దు, ఎందుకంటే అది చిగురు కిందికి జారి, పంటి వేర్ల చుట్టూ ఉన్న ఎముకను దెబ్బతీసి, ఆరోగ్యంగా ఉన్న పళ్లనే ఊడిపోయేలా చేయగలదు.