ఆఫీసులో ఏసీ చలి, పేపర్ కప్పుల చెత్త: ముందు ఏం చేయాలి?

మాదాపూర్‌లోని మీ ఆఫీసులో ఏసీ చలికి తలనొప్పులు, రోజూ బస్తాడు పేపర్ కప్పులు, బడ్జెట్ మాత్రం తక్కువ అన్నారు. నేనైతే ఏసీతోనే మొదలుపెట్టమంటాను. కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క ప్రకారం ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుంది. వాళ్లు సూచించేది 24 డిగ్రీలు. ఒకేసారి పెంచితే గొడవలొస్తాయి, వారానికో డిగ్రీ పెంచండి. ఈలోగా ఫిల్టర్లు కడిగించి, పడమటి కిటికీలకు బ్లైండ్స్ వేయించండి. గాలి నేరుగా తల మీద పడే సీట్లు జరిపించండి, చాలామంది బాధ అక్కడే ఉంటుంది.

పేపర్ కప్పుల లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, అందుకే అవి తేలిగ్గా రీసైకిల్ కావు. స్టీలు గ్లాసులు కొనండి. వాటిని కడిగే మనిషికి ఆ అదనపు పనికి జీతం కూడా పెంచండి, దయచేసి ఇది మాత్రం వదలొద్దు.

ఇక ఉద్యోగుల ఆరోగ్యం సంగతికొస్తే, ఏడాదికోసారి యోగా డే జరపడం కన్నా, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు వరకు మీటింగులు పెట్టకపోవడం ఎంతో మేలు. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ నుంచి ఆఫీసుకు షటిల్ బస్సు ఖర్చు ఎక్కువైతే, పక్క కంపెనీతో కలిసి పంచుకునేలా మాట్లాడుకోండి.

తర్వాత ఎంత ఆదా అయిందో మేనేజ్‌మెంట్‌కు చూపించడానికి పోయిన వేసవి కరెంటు బిల్లులు ఇప్పుడే తీసిపెట్టుకోండి.