మూడు వేల పదాలు బట్టీ పడితే జీఆర్‌ఈ గట్టెక్కుతారా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉంది. అమెరికాలో ఎంఎస్ చేయాలని, అక్కడి ప్రవేశాల కోసం రాసే పరీక్ష అయిన జీఆర్‌ఈకి సిద్ధమవుతోంది. ద్వారకానగర్‌లోని ఒక కోచింగ్ కేంద్రం ఇచ్చిన మూడు వేల పదాల జాబితాను రోజుకు యాభై చొప్పున అర్థాలతో సహా బట్టీ పడుతోంది, వారం తిరిగేసరికి సగం మరచిపోతోంది. రోజూ రాత్రి నేనే అప్పజెప్పించుకుంటున్నాను. ఇలా అర్థాలు నేర్చుకోవడం మేలా, పుస్తకాలు చదవడం మేలా?
– ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీరు అడిగింది రెండు పద్ధతుల్లో ఏది మేలని; కానీ తెలుగు మాధ్యమంలో చదివించి అమ్మాయిని వెనకబెట్టామేమోనన్న బెంగ మీ ఉత్తరంలో కనిపిస్తోంది. ఇదే బెంగతో ఎందరో తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తుంటారు కనుక ముందు దానికే సమాధానం చెబుతాను. జీఆర్‌ఈలో ఎదురయ్యే కఠిన పదాలు ఇంగ్లిష్ మాధ్యమంలో చదివిన పిల్లల ఇళ్లలోనూ ఎవరూ మాట్లాడరు; వాటిని వారూ కొత్తగా నేర్చుకోవలసిందే. పైగా 2020 తరువాత అనేక అమెరికా విశ్వవిద్యాలయాలు ఈ స్కోరును ఐచ్ఛికం చేశాయి. అడిగే చోట కూడా దానితో పాటు డిగ్రీ మార్కులు, ప్రాజెక్టులు, సిఫార్సు లేఖలు చూస్తారు. మీ అమ్మాయి భవిష్యత్తు ఆ మూడు వేల పదాల మీద ఆధారపడి లేదు.

ఇక ఆ జాబితా గురించి నా అనుమానం దాచుకోను. వ్యతిరేకార్థాలు, పదసంబంధాలు నేరుగా అడిగే ప్రశ్నలను 2011లోనే ఈ పరీక్ష నుంచి తీసివేశారు. అప్పటి నుంచి ప్రశ్న వాక్యంలోనే ఉంటుంది. ఖాళీలో ఏ పదం ఇముడుతుందో ఆ వాక్యం నడకను బట్టి తేల్చుకోవాలి. అయినా జాబితాల వ్యాపారం ఆగలేదు. ఇప్పుడు రీల్స్‌లో నెల రోజుల్లో వేయి పదాలంటూ మరింత జోరుగా సాగుతోంది. చూపించడానికి తేలిక, లెక్క చెప్పడానికి తేలిక, తల్లిదండ్రులకు ఏదో జరుగుతోందన్న తృప్తి. కానీ ‘క్వాలిఫైడ్’ అంటే అర్హత కలిగిన అని మాత్రమే నేర్చుకున్న విద్యార్థి, ‘క్వాలిఫైడ్ సపోర్ట్’ అన్నచోట షరతులతో కూడిన మద్దతు అని గ్రహించలేక తప్పు జవాబు గుర్తిస్తాడు. చాలా మంది మార్కులు పోగొట్టుకునేది ఇలా తెలిసిన పదాల దగ్గరే.

అలాగని నిర్వచనాలు వద్దనడం లేదు. ఒక్క తెలుగు మాటతో సరిపెట్టకుండా, విద్యార్థుల కోసం తయారైన ఇంగ్లిష్ నిఘంటువులో వివరణ, ఉదాహరణ వాక్యం రెండూ చదవమనండి. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు సుమారు రెండు వేల తేలికపాటి మాటలతోనే అన్ని పదాలకూ అర్థం చెప్పింది. అలాంటి వివరణ మీ అమ్మాయికి తప్పక అర్థమవుతుంది. రోజుకు పది పదాలు చాలు. ప్రతి పదంతో సొంత వాక్యం రాసి, మర్నాడు, మూడు రోజులకు, వారానికి, మళ్లీ నెలకు చూసుకోవాలి. సమాసాలను విడదీసి విగ్రహవాక్యం చెప్పడం బడిలో నేర్చుకున్న పిల్లకు, ‘బెనివొలెంట్’ (మేలు కోరే), ‘మలెవొలెంట్’ (కీడు కోరే) వంటి పదాల్లో ముందున్న లాటిన్ ముక్క మంచినీ చెడునూ ఎలా సూచిస్తోందో పట్టుకోవడం కష్టం కాదు. ఇక చదవడానికి రోజూ ఇంగ్లిష్ పత్రికలో ఒక సంపాదకీయం సరిపోతుంది; నేర్చుకున్న పదం అక్కడ తారసపడినప్పుడే అది ఆమె సొంతమవుతుంది. అందువల్ల మీరు అడిగిన రెండింటినీ విడదీయలేము.

మీతో ఒక మాట కటువుగానే చెప్పాలి. రోజంతా కాలేజీలో గడిపి వచ్చిన ఇరవై ఏళ్ల పిల్లను రాత్రి కూర్చోబెట్టి యాభై పదాలు అప్పజెప్పించుకోవడం సాయం కాదు, వేధింపు. ఆమె సగం మరచిపోవడం తెలివితక్కువతనం కాదు. సందర్భం లేకుండా చదివిన యాభై పదాలు మీకైనా నాకైనా వారానికి అంతే మిగులుతాయి. పదం మరచినందుకు మీ ముఖంలో నిరాశ కనిపిస్తే ఆమె ఆ భాషనే ద్వేషించడం మొదలుపెడుతుంది. ఈ రాత్రి నుంచే అది మానండి.

ఈ పరీక్షను నిర్వహించే ఈటీఎస్ సంస్థ తన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ నమూనా పరీక్ష ఒకటి అమ్మాయి చేత రాయించండి. తప్పులను ఆమెనే రెండుగా విడదీయమనండి: పదం తెలియక పోయినవి, పదం తెలిసీ వాక్యం అర్థం కాక పోయినవి. రెండో రకం ఎక్కువైతే జాబితాను పూర్తిగా పక్కనపెట్టి ఆ సమయమంతా చదవడానికి ఇవ్వాలి. మొదటి రకం ఎక్కువైతే రోజుకు పది పదాల పద్ధతిని మూడు నెలలు పాటించి రెండో నమూనా పరీక్ష రాయాలి.