అక్షరం ముక్క రాకుండా రష్యా వెళ్తే ఒక్క ఏడాదిలో రష్యన్ వస్తుందా?

ఇంటర్ అయ్యాక రష్యాలో రష్యన్ భాషా సాహిత్యాలు చదవాలనుంది, ఒక్క ఏడాది ప్రిపరేటరీ కోర్సుతో క్లాసులు అర్థమవుతాయా అని అడిగారు. అవుతాయి. కాకపోతే రష్యన్‌ని ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు మీదుగా నేర్చుకోండి. మనవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లీషులోంచి తర్జుమా చేసుకుంటూ మూడు నెలలు వృథా చేసుకుంటారు.

'నాకు ఇరవై ఏళ్ళు' అనడానికి రష్యన్‌లో 'మ్న్యే ద్వాద్సత్ ల్యెత్' అంటారు. మ్న్యే అంటే నాకు. 'నాకు చలిగా ఉంది' అంటే 'మ్న్యే ఖోలద్న'. 'ఇది పుస్తకం' అంటే 'ఏత క్నీగ', మధ్యలో క్రియ లేదు, మనకీ లేదు. 'బడిలో' అంటే 'ఫ్ ష్కోల్యె', 'బడికి' అంటే 'ఫ్ ష్కోలు'. ముందున్న మాట రెండిట్లోనూ ఒకటే, తేడా అంతా పదం చివర విభక్తిలో ఉంది. బడిలో, బడికి అనేవి తెలుగు పిల్లవాడు ఎన్నడూ తికమకపడడు. ఆ అలవాటునే వాడుకోండి.

తెలుగు దెబ్బతీసే చోటూ ఉంది. మనది అజంత భాష, అంటే పదాలు అచ్చుతో ముగిసే భాష కాబట్టి హల్లుతో ఆగే మాటకి తెలియకుండానే ఒక 'ఉ' తగిలిస్తాం. 'బ్రాత్' అంటే సోదరుడు, 'బ్రాతు' అంటే సోదరుడికి. అంటే ఆ చిన్న 'ఉ'తో విభక్తే మారిపోతుంది. అదే 'త్'ని నాలుక మధ్యభాగం పైకెత్తి మెత్తగా పలికితే 'తీసుకోవడం' అనే క్రియ అవుతుంది. ఈ మూడింటినీ రికార్డు చేసుకుని రోజూ విని సరిదిద్దుకోండి. అంకెలూ అంతే: ఒక రూబ్ల్, రెండు నుంచి నాలుగు దాకా రుబ్ల్యా, ఐదు నుంచి రుబ్లేయ్, ఇరవై ఒకటికి మళ్ళీ రూబ్ల్. దుకాణంలో ధరలు పైకి చదువుకుంటే తప్ప పట్టుబడవు.

ప్రిపరేటరీ విభాగాన్ని అక్కడ పద్‌ఫాక్ అంటారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో మొదలై జూన్ దాకా, గ్రూపుకి పదిమంది అటూఇటూగా, రోజుకి నాలుగు నుంచి ఆరు గంటలు. మీరు హ్యుమానిటీస్ గ్రూపులో చేరాలి. అందులో కొన్ని నెలలయ్యాక సాహిత్యం, చరిత్ర కూడా రష్యన్‌లోనే చెప్తారు. చేరాల్సిన మెట్టు బి1, అంటే భాషలో మధ్యస్థాయి. విదేశీయుల రష్యన్‌ని పరీక్షించే టోర్ఫల్‌లో ఆ స్థాయికి 2,300 పదాలు రావాలి. ఐదు భాగాలుంటాయి, ఒక్కోదాంట్లో 66 శాతం తెచ్చుకోవాలి, ఒక్క భాగంలో మాత్రం 60 దాకా తగ్గినా ఒప్పుకుంటారు. వ్యాకరణంలో 60 నిమిషాలకి 165 ప్రశ్నలు, ఒక్కోదానికి 22 సెకన్లు. సూత్రం గుర్తుచేసుకుంటూ కూర్చుంటే సరిపోదు, చెవికే తెలియాలి.

వీసా ఆలస్యమై నవంబరులో చేరేవాళ్ళూ ఉంటారు. అప్పటికి అక్షరాల పాఠం అయిపోయి ఉంటుంది. అందుకే ఇక్కడ ఉండగానే అచ్చు లిపితో పాటు గొలుసుకట్టు రాతా నేర్చుకోండి. బోర్డు మీద టీచర్లు రాసేది అదే. అందులో 'త్' అక్షరం ఇంగ్లీషు చిన్న 'ఎమ్'లా, 'ద్' అక్షరం చిన్న 'జీ'లా ఉంటాయి.

రష్యా ప్రభుత్వ కోటా సీటుకి దరఖాస్తు చేస్తే ఆరు యూనివర్సిటీల దాకా ఎంచుకోవచ్చు. భాషకే ప్రత్యేకం కావాలంటే మాస్కోలో 1966లో మొదలైన పుష్కిన్ ఇన్‌స్టిట్యూట్‌ని చేర్చండి. ఫీజు ఉండదు, హాస్టల్ ఇస్తారు. స్టైపెండు చాలా కొద్ది, విమానం టికెట్టూ బీమా మీవే. పద్‌ఫాక్ ఒక ఊళ్ళో, డిగ్రీ ఇంకో ఊళ్ళో పడొచ్చు, కంగారుపడకండి.

కాగితాల్లో మనవాళ్ళని ఇబ్బంది పెట్టేది పేరు. రష్యన్‌లో మన 'హ' లేదు. హైదరాబాద్ అక్కడ 'ఖైదరాబాద్' అవుతుంది. ఒక అనువాదకుడు 'ఖ' వేస్తే ఇంకొకరు 'గ' వేస్తారు, అప్పుడు మార్కుల జాబితా ఒకరిది, పాస్‌పోర్టు ఇంకొకరిది అన్నట్టుంటుంది. వీసా మీద రష్యన్ లిపిలో ఉన్న పేరునే అన్ని అనువాదాల్లోనూ వేయించండి. మార్కుల జాబితాకి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) మాత్రం ఇండియాలోనే వేయించుకుని వెళ్ళాలి.

తొలి వీసా సాధారణంగా మూడు నెలలే, ఒక్కసారి ప్రవేశానికి. దిగగానే మైగ్రేషన్ కార్డులో (దేశంలోకి వచ్చేటప్పుడు ఇచ్చే చీటీ) ప్రయాణ కారణం 'చదువు' అని ఉందో లేదో అక్కడే చూసుకోండి. హాస్టల్‌కి చేరిన రోజో మర్నాడో నివాస రిజిస్ట్రేషన్‌కి కాగితాలివ్వండి. వైద్య పరీక్ష, వేలిముద్రలు గడువులోపు అయిపోవాలి. వీసా పొడిగింపుకి పాస్‌పోర్టు ఇచ్చాక అది తిరిగొచ్చేదాకా దేశం దాటలేరు, కాబట్టి ఆ వారాల్లో ఇంటికి టికెట్టు కొనకండి.

ఇండియా బ్యాంకులు ఇచ్చిన వీసా కంపెనీ కార్డులు, మాస్టర్‌కార్డులు 2022 మార్చి నుంచి అక్కడ పనిచేయవు. తొలి రెండు నెలల ఖర్చుకి డాలర్లు నగదుగా తీసుకెళ్ళి, రిజిస్ట్రేషన్ కాగితం రాగానే బ్యాంకులో రష్యా సొంత చెల్లింపు కార్డు 'మీర్' తీసుకోండి.

టీచర్లని సార్, మేడమ్ అనరు, పేరూ తండ్రి పేరూ కలిపి పిలుస్తారు. తండ్రి ఇవాన్ అయితే ఎలేనా ఇవానోవ్నా. మొదటి రోజే రాసుకుని బట్టీపట్టండి. నువ్వు, మీరు తేడా మనలాగే ఉంటుంది, టీచర్లకి ఎప్పుడూ 'వీ', అంటే మీరు. పువ్వులిస్తే బేసి సంఖ్యలోనే ఇవ్వండి, సరి సంఖ్య చావు ఇంటికి. చలికోటుతో క్లాసులోకి రానివ్వరు, కింద గార్దెరోబ్‌లో, అంటే కోట్లు దాచే గదిలో అప్పగించాలి. కోటు కాలరు లోపల తగిలించే ముడి లేకపోతే 'మేం తీసుకోం' అని గొణుగుతారు, బయల్దేరే ముందే గట్టి గుడ్డ పట్టీ ఒకటి కుట్టించండి.