క్షమించాను సరే, నోటు సంగతేంటి?

ప్రశ్న: మా సంఘంలో ఏళ్ల తరబడి నా పక్కనే మోకరించి ప్రార్థన చేసిన స్నేహితుడికి, కూతురి పెళ్లికని 3 లక్షలు ఇచ్చాను. నోటు రాసి 2 సంవత్సరాల 8 నెలలైంది. అసలూ లేదు, వడ్డీ లేదు. గట్టిగా అడిగితే నేను డబ్బు మనిషినని నలుగురికీ చెప్పాడు. పాస్టరుగారేమో, "క్షమించండి బ్రదర్, విశ్వాసి మీద కోర్టుకెళ్లడం వాక్యవిరుద్ధం" అంటున్నారు. నన్నేం చేయమంటారు?
– ఒక సోదరుడు, భీమవరం

జవాబు: ముందు నోటు సంగతి చూడండి, దానికి గడువుంది. అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రామిసరీ నోటైతే, రాసిన తేదీ నుంచి 3 సంవత్సరాలకు కాలదోషం పడుతుంది, అంటే ఆ తర్వాత దావా చెల్లదు. మీకింకా 4 నెలలే ఉన్నాయి. ఆలోపు ఆయన కొంత సొమ్మైనా కట్టి, నోటు వెనక తన చేత్తో చెల్లు వేసి (ఎంత కట్టాడో రాసి) సంతకం పెట్టాలి. లేదా బాకీ ఉన్నానని రాసి సంతకం చేసివ్వాలి. ఈ రెంటిలో ఏది జరిగినా ఆ రోజు నుంచి మళ్లీ 3 సంవత్సరాలు వస్తాయి. నోటిమాటగా "ఇస్తాలే అన్నా" అంటే గడువు పెరగదు. లాయరు నోటీసు పంపితే గడువు ఆగుతుందనుకుని చాలామంది నష్టపోతున్నారు. నోటీసుతో ఆగదు, దావా వేస్తేనే ఆగుతుంది.

ఇక వాక్యం. మత్తయి 18:15-17లో ప్రభువు వరస స్పష్టంగా చెప్పాడు. మొదట మీరు, అతను, ఇద్దరే. ఫోనులో వద్దు, ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద అసలే వద్దు. ఇంటికెళ్లి కూర్చుని రెండే విషయాలు మాట్లాడండి: బాకీ, మీ మీద అన్న మాట. పాత లెక్కలు, పెళ్లినాటి అలకలు తవ్వారంటే అతను వాటినే పట్టుకుని అసలు సంగతి దాటేస్తాడు. నెలకు ఎంత కట్టగలడో అతని నోటితోనే చెప్పించి, అక్కడే కాగితం మీద పెట్టించండి.

వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకెళ్లండి. చాలా సంఘాల్లో తేడా వచ్చేది ఇక్కడే. బావమరిదిని తీసుకెళ్తే అది పంచాయితీ అవుతుంది. ఆ సాక్షులు మీ తరఫు మనుషులుగా వెళ్లకూడదు. ఇద్దరి మాటా విని, ఏది నిజమో తేల్చడం వాళ్ల పని. కాబట్టి అతనూ ఒప్పుకునే పెద్దలుండాలి. అప్పటికీ తేలకపోతేనే సంఘానికి చెప్పాలి. మనవాళ్లు ఈ మూడో మెట్టు నుంచే మొదలుపెడతారు, అదీ "ప్రార్థన మనవి" పేరుతో.

పాస్టరుగారి మాటకు ఆధారం 1 కొరింథీ 6. అందులో 5వ వచనం కూడా చదవాలి. సహోదరుల మధ్య వ్యాజ్యం తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని పౌలు సంఘాన్నే నిలదీస్తాడు. అంటే కోర్టు వద్దన్న సంఘం, తాను కూర్చుని తీర్పు చెప్పాలి. ఆ బాధ్యత తప్పించుకుని నష్టపోయినవాడి నోరు మాత్రం మూయిస్తే ఎలా? 7వ వచనంలో "అన్యాయం ఎందుకు సహించరు?" అనే మాటా ఉంది, దాచనక్కర్లేదు. సహించాలనుకుంటే అది మీ ఇష్టపూర్వకంగా ఉండాలి, ఇంట్లో భార్యతో చెప్పి చేయాలి. పూర్తిగా వదలలేకపోతే వడ్డీ వదిలేయండి, వదిలేసినట్టు కాగితం మీద రాయండి. సంఘంలో నెల రోజుల్లో తేలకపోతే మీ మండల న్యాయసేవా కమిటీలో అర్జీ పెట్టి లోక్ అదాలత్‌కు రప్పించండి. ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం. కానీ కమిటీలో కూర్చున్నంత మాత్రాన నోటు గడువు ఆగుతుందని అనుకోకండి.

ప్రశ్న: నా కాపురం సంగతి ప్రార్థన చేయమని ఒక్క స్నేహితురాలికే చెప్పాను. అది స్త్రీల కూటం వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది. ఇప్పుడు "సారీ అక్కా" అని మెసేజ్ పెట్టింది. క్షమించాను. కానీ మునుపటిలా మాట్లాడలేకపోతున్నాను, ప్రార్థనా రావడం లేదు. ఇది పాపమా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: కాదమ్మా. క్షమాపణ ఇవ్వడం వేరు, గుట్టు అప్పగించడం వేరు. యోసేపును చూడండి. 20 వెండి నాణేలకు తనను అమ్మిన అన్నలు ధాన్యానికి వచ్చినప్పుడు పక్కకెళ్లి ఏడ్చాడు (ఆది 42:24), అయినా తానెవరో చెప్పలేదు. బెన్యామీను గోనెలో తన గిన్నె పెట్టించి, ఈసారైనా తమ్ముణ్ణి వదిలేసి పోతారా అని చూశాడు. అతనికి బదులు నేను దాసుడిగా ఉంటానని యూదా అన్నాకే బయటపడ్డాడు. మనసు కరిగింది ముందే, తలుపు తీసింది ఆ తర్వాత.

మీ స్నేహితురాలి సారీకి కూడా ఒక పరీక్ష ఉంది. ఏ గ్రూపులో చెప్పిందో ఆ గ్రూపులోనే, "నేను చెప్పకూడని మాట చెప్పాను" అని ఒప్పుకోవాలి, మీ కాపురం వివరాలు మళ్లీ తిరగదోడకుండా. ఆమె అందుకు సిద్ధపడితే చిన్న చిన్న విషయాల దగ్గర మళ్లీ మొదలుపెట్టండి. నొచ్చుకుంటే పలకరింపు వరకు చాలు.

ప్రార్థన రానప్పుడు 55వ కీర్తన మొత్తం, 23 వచనాలూ, గొంతెత్తి చదవండి. "నీ భారము యెహోవామీద మోపుము" అన్న 22వ వచనం ప్రతి క్రైస్తవ ఇంటి క్యాలెండరు మీదా ఉంటుంది. కానీ ఆ భారం ఏమిటో 12 నుంచి 14 వరకు చూస్తే తెలుస్తుంది: శత్రువైతే సహించేవాణ్ణే, నాతో కలిసి మందిరానికి నడిచిన చెలికాడు చేశాడే అని ఏడుపు. 15వ వచనంలో కోపం కూడా ఉంది. కీర్తనకారుడు ఆ కోపాన్ని దాచకుండా దేవుని ముందే పెట్టాడు చూడండి, మీరూ అలాగే పెట్టవచ్చు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి కుదురుకోకపోతే డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: నాకు ద్రోహం చేసిన మనిషి అదే వరుసలో కూర్చుంటాడు. ప్రభు బల్ల (సంఘంలో పంచే రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవచ్చా?
– పేరు వద్దన్న పాఠకుడు, ఖమ్మం

జవాబు: తీసుకోవచ్చు. ఎవరికి వారే పరీక్షించుకోవాలని 1 కొరింథీ 11:28 చెబుతోంది, పక్కవాణ్ణి పరీక్షించమనలేదు. తనను అప్పగించేవాడి చెయ్యి బల్లమీదే ఉందని తెలిసీ ప్రభువు బల్ల ఆపలేదు (లూకా 22:21). అర్పణ అక్కడే విడిచి వెళ్లి సమాధానపడమన్న మత్తయి 5:23-24 మాట, తన మీద సహోదరుడికి విరోధం ఉందని గుర్తొచ్చినవాడికి. మీ వైపు నుంచి అలాంటిదేమీ లేకపోతే వెళ్లండి. వరుస మార్చుకుని కూర్చున్నా తప్పులేదు.