చిన్నపిల్లలకు చిత్రకళ, డిజైన్ బోధించాలనుకునేవారికి

ప్రశ్న: నేను చిత్రకళలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాథమిక పాఠశాలలో చిత్రకళ, డిజైన్ బోధించే ఉపాధ్యాయురాలిని కావాలని ఉంది. ‘ఇంత చదివి చిన్నపిల్లల చేత బొమ్మలు గీయించడమా’ అని నాన్నగారు బాధపడుతున్నారు. దీనికి ఏ అర్హతలు కావాలి? ఎదుగుదల ఉంటుందా? నా చిత్రాల పోర్ట్‌ఫోలియో ఉద్యోగానికి సరిపోతుందా?

సమాధానం: ముందుగా మీ చివరి ప్రశ్నకే సమాధానం చెబుతాను, మిగతావన్నీ దాని మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి. మీ చిత్రాల పోర్ట్‌ఫోలియో ఒక్కటే సరిపోదు. మీకు గీయడం వచ్చునని అది చెబుతుంది. ఇంటర్వ్యూ చేసే ప్రధానోపాధ్యాయులు తెలుసుకోవాలనుకునేది మాత్రం, 30 మంది ఏడేళ్ల పిల్లలను 40 నిమిషాల పీరియడ్‌కు మీ చేతిలో పెడితే ఏం జరుగుతుందన్నది. చక్కగా గీయగలిగినవారు కూడా ఇక్కడ తడబడటం నేను చూశాను. వారు తాము గీసిన నమూనాను బోర్డుకు తగిలించి, పిల్లల చేత దాన్నే దింపించి, ఒకేలాంటి 30 బొమ్మలను గోడకు అంటిస్తారు. ఆ గోడ చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, ఏ బిడ్డ ఏం చూసిందో, ఏం ఆలోచించిందో అందులో వెతికినా కనబడదు.

అందుచేత మీరు నేర్చుకోవలసిన మొదటి విద్య పిల్లల బొమ్మను చదవడం. ఆరేళ్ల పాప గీసిన బొమ్మను గమనించండి: కాగితం పై అంచున నీలం పట్టీ, కింది అంచున ఆకుపచ్చ పట్టీ, మధ్యలో అంతా తెలుపు. ఆకాశం నేలదాకా దిగాలని చెప్పి ఆ తెలుపంతా నీలంతో నింపించాలని పెద్దలకు అనిపిస్తుంది. కానీ ఆ పాప లెక్క సరైనదే. ఆకాశం తల మీద ఉంటుంది, నేల కాళ్ల కింద ఉంటుంది, మధ్యలో మనం తిరుగుతాం. ఇంటి గోడలోంచి లోపలి మనుషులు కనబడేలా గీయడం, తనకు ముఖ్యమైన మనిషిని చెట్టుకంటే పెద్దగా గీయడం కూడా ఇలాంటివే. చిత్రకళా విద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రచురించిన గ్రంథంలో ఈ ఎదుగుదలను దశలుగా వివరించారు: సుమారు రెండు నుంచి నాలుగేళ్ల వరకు పిచ్చిగీతలు, ఏడేళ్ల వరకు గుర్తుపట్టదగిన ఆకారాలు, తొమ్మిదేళ్ల వరకు ప్రతి వస్తువుకూ తనదైన ఒక స్థిరమైన గుర్తు, ఆ తర్వాత ఉన్నది ఉన్నట్టు గీయాలన్న తపన. వయస్సుల హద్దులు బిడ్డ బిడ్డకూ మారతాయి, వాటిని కొలబద్దగా వాడకూడదు. అయినా ఈ క్రమం తెలియని ఉపాధ్యాయులు సహజమైన దశను తప్పుగా ఎంచి దిద్దుతారు.

నా దృష్టిలో ఈ వృత్తి మొత్తంలో అత్యంత కీలకమైన వయస్సు తొమ్మిది, పదేళ్లు. అంతవరకు హాయిగా గీసిన పిల్లలు ఒక్కసారిగా రబ్బరు ఎక్కువగా వాడతారు, కాగితాన్ని చేత్తో కప్పుకుంటారు, ‘నాకు బొమ్మలు రావు’ అంటారు. వారి చూపు పదునెక్కింది, చెయ్యి ఇంకా దాన్ని అందుకోలేదు. అప్పుడు ఊరికే ‘చాలా బాగుంది’ అనడం వల్ల ప్రయోజనం లేదు, ఆ మెప్పులో నిజం లేదని వారికి తెలిసిపోతుంది. ఒక చెప్పును బల్ల మీద పెట్టి, దాని అంచు వెంబడి కళ్లను మెల్లగా నడిపిస్తూ గీయడం, వస్తువుకు బదులు దాని చుట్టూ ఉన్న ఖాళీ ఆకారాలను గీయడం వంటి పద్ధతులను సరిగ్గా ఈ వయస్సులోనే అందించాలి. మీ డిగ్రీలో నేర్చిన పరిశీలన ఇక్కడ అక్షరాలా అక్కరకు వస్తుంది.

డిజైన్ బోధన తీరు వేరు. అందులో ఒక అవసరం ఉంటుంది, పరీక్షించి చూడటం ఉంటుంది. రెండు పుస్తకాల దొంతరల మధ్య ఒక కాగితంతో వంతెన కట్టమని, అది ఎన్ని నాణేలు మోస్తుందో చూడమని పిల్లలకు చెప్పండి. పరచిన కాగితం వెంటనే వంగిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రలా మడతలు పెడితే నిలబడుతుంది. ఎందుకు నిలబడిందో వారే చెప్పేదాకా ఆగి, మళ్లీ కట్టించడమే పాఠం.

మీ నాన్నగారికి చెప్పదగిన విషయం ఒకటి ఇక్కడే ఉంది. ఆధునిక డిజైన్ విద్యకు పునాది వేసిన జర్మనీలోని బౌహౌస్ పాఠశాలలో 1919లో ప్రారంభ కోర్సును రూపొందించిన యోహానెస్ ఇట్టెన్, 1923 నుంచి అక్కడ బోధించిన యోసెఫ్ ఆల్బర్స్, ఇద్దరూ అంతకుముందు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులే. ఆల్బర్స్ తన విద్యార్థుల చేత చేయించిన ప్రసిద్ధ అభ్యాసాల్లో కాగితం మడతలు ముఖ్యమైనవి. చిన్నతరగతుల బోధనను చిన్నపనిగా చూడనక్కరలేదనడానికి వీరి జీవితాలే సాక్ష్యం.

అర్హతల విషయం దేశాన్ని బట్టి మారుతుంది గనుక, మీరు పనిచేయదలచిన చోటి నియమాలను నియామక ప్రకటనల్లో నేరుగా చదవండి. సాధారణంగా డిగ్రీతో పాటు ఉపాధ్యాయ శిక్షణ, పిల్లలతో పనిచేసేవారికి అవసరమైన పోలీసు ధ్రువీకరణ అడుగుతారు. అనేక చోట్ల ప్రాథమిక స్థాయిలో ఒకే ఉపాధ్యాయులు అన్ని సబ్జెక్టులూ చెబుతారు కాబట్టి, చిత్రకళ కోసమే ప్రత్యేకించిన ఉద్యోగాలు తక్కువ. భాష, గణితం కూడా బోధించడానికి సిద్ధపడితే మీకు అవకాశాలు పెరుగుతాయి. పాఠశాలలో చిత్రకళ బాధ్యత తర్వాత మీ చేతికే రావచ్చు. ఎదుగుదల అంటే జీతం పెరగడం ఒక్కటే కాదు గానీ, దాని గురించి స్పష్టంగా అడగడానికి మొహమాటపడవద్దు. పాఠ్యప్రణాళిక రచన, ఉపాధ్యాయుల శిక్షణ, మ్యూజియంలలో పిల్లల విభాగాలు ఈ అనుభవం నుంచి దారితీసే రంగాలు. చిత్రకళ ద్వారా మానసిక చికిత్స చేసే ఆర్ట్ థెరపీని మాత్రం వీటితో కలపకండి, దానికి ప్రత్యేక శిక్షణ తప్పనిసరి.

ఈ సంవత్సరమే ఏదైనా పాఠశాలలో వారానికి ఒక పూట సహాయకురాలిగా చేరండి. రంగునీళ్ల గిన్నెలు ఎక్కడ పెడితే ఒలకవో, ఎడమచేతి వాటం పిల్లలకు వేరే కత్తెర ఎందుకు కావాలో, సర్దడానికి చివరి పది నిమిషాలు ఎందుకు విడిచిపెట్టాలో అక్కడే తెలుస్తుంది. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు మాత్రమే ఇచ్చి మిగతా రంగులు పిల్లల చేతనే కలిపించే పాఠాన్ని రెండు వేర్వేరు తరగతుల్లో చెప్పి చూడండి. తల్లిదండ్రుల, పాఠశాల అనుమతితో పిల్లల పనిని మొదటి ప్రయత్నం నుంచి చివరిదాకా ఫొటోలు తీసి, పక్కన వారు అన్న మాటలను, రెండోసారి మీరు మార్చిన అంశాలను రాయండి. అలాంటి మూడు నాలుగు పాఠాల నమోదును పోర్ట్‌ఫోలియోలో ముందు ఉంచి, మీ సొంత చిత్రాలను ఐదారుకు తగ్గించి చివరన చేర్చండి.